పిన్ని చెప్పిన గ్రహణం పాఠం

మొన్న మా మనవడు బడి నుంచి వస్తూ చంకలో థర్మోకోల్ అట్ట ఒకటి పెట్టుకుని వచ్చాడు. మధ్యలో పసుప్పచ్చటి సూర్యుడు, చుట్టూ చీపురుపుల్లలకి గుచ్చిన రంగురంగుల బంతులు. వాడిది మూడో తరగతి. ఇవి గుడివాడ బస్టాండు దగ్గర కొట్లో తయారుగా దొరుకుతాయట, పేరొక్కటి అతికించుకుంటే చాలట. సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడొస్తే సూర్యగ్రహణం అని వాడు ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. నేను మురిసిపోయి చేతిలో జంతిక పెట్టాను. వాడు అది నములుతుండగానే మా కోడలి ఫోనుకి బడివాళ్ళ కబురొచ్చింది. ఎల్లుండి గ్రహణం కాబట్టి బడికి సెలవట, పిల్లల్ని గడప దాటనివ్వొద్దట. పాఠం చెప్పిందీ ఆ బడే, సెలవిచ్చిందీ ఆ బడే. మా కోడలు నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని అంటే మా అమ్మకి సొంత చెల్లెలు. బందరులో టీచరు ట్రైనింగు పూర్తిచేసి మొదటి ఉద్యోగానికి మా ఊరే వచ్చింది. మాది దివిసీమలో అవనిగడ్డకి దిగువన, గాలి తిరిగితే సముద్రం వాసన వచ్చే ఊరు. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా గది తీసుకుని ఉండడం ఆ రోజుల్లో ఎవరూ ఊహించరు కాబట్టి అక్క ఇంట్లోనే దిగింది. మా నాన్న రైసుమిల్లులో గుమస్తా. ఇంట్లో పెత్తనం మాత్రం ఆయనది కాదు, మా నాయనమ్మది. పాలవాడు చెంబు ఎక్కడ దించాలో, అమ్మ జడ ఎప్పుడు వేసుకోవాలో కూడా ఆవిడే చెప్పేది. పిన్ని వేగంగా నడిచేది, గట్టిగా నవ్వేది. పైటచెంగుకి ఎప్పుడూ సుద్దపొడి అంటి ఉండేది. "ఆ నడకేవిటే, తాడు తెంచుకున్న పెయ్యలాగా" అని నాయనమ్మ రోజూ అనేది. పిన్ని రోజూ "అలాగేనండీ అత్తయ్యగారూ" అని అదే నడకతో బడికి వెళ్ళిపోయేది.

నేనప్పుడు నాలుగో తరగతి, ఆవిడ దగ్గరే. తాటాకు కప్పిన పొడుగాటి పాకలో అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. లెక్కలూ తెలుగూ హెడ్మాస్టరుగారు చెప్పేవారు. భూమి, ఆకాశం, గాలి, వాన లాంటివన్నీ పిన్నికి వదిలేశారు, వాటికి పరీక్షలో మార్కులు తక్కువని. పిన్ని వాటినే పట్టుకుంది. మొదటి పాఠానికి మా పెరట్లో కాసిన గుమ్మడికాయ బడికి మోయించింది. దానిమీద సుద్దతో చుక్క పెట్టి "ఇది మన ఊరు" అంది. పట్టపగలు లాంతరు వెలిగించి, గోనెపట్టాలు కట్టి పాక చీకటి చేసి, గుమ్మడికాయని మెల్లగా తిప్పింది. మా ఊరు వెలుగులోకి వచ్చింది, మళ్ళీ చీకట్లోకి వెళ్ళింది. అంత పెద్ద పగలూ రాత్రీ మా గుమ్మడికాయ మీద జరుగుతుంటే నేను గర్వంతో ఉబ్బిపోయాను. మా బెంచీలోని ఒక కుర్రాడు లేచి, "మనం కిందకెళ్ళినప్పుడు కాలవ ఒలికిపోదాండీ?" అన్నాడు. "కింద అంటే ఎటురా? ఎక్కడ నిలబడినా మన కాళ్ళు ఎటుంటే అటే కింద. నీళ్ళని భూమే తనవైపు లాక్కుని పట్టుకుంటుంది" అంది పిన్ని. "ఏ చేత్తోనండీ?" అన్నాడు వాడు. పిన్ని నవ్వీ నవ్వీ స్టూలు మీద కూలబడింది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట నాన్నకి చెప్పి మళ్ళీ నవ్వింది. ఆ గుమ్మడికాయ వారం రోజులు భూమిగా ఉండి, తొడిమ దగ్గర మెత్తబడ్డాక హెడ్మాస్టరుగారింట్లో పులుసైంది.

ఆ ఏడు ఎండాకాలం సెలవులైపోయి బళ్ళు తెరిచిన కొత్తల్లో సూర్యగ్రహణం వచ్చింది. అది పొద్దునపూట పట్టే గ్రహణం. సింహళంలో సూర్యుడు పూర్తిగా మునిగిపోతాడని, మన దగ్గర చాలావరకూ కొరికినట్టవుతుందని పేపర్లో పడింది. పిన్ని ముందురోజులన్నీ లాంతరూ ఇంకో గుమ్మడికాయా నిమ్మకాయా పెట్టుకుని చెప్పిందే చెప్పింది. నిమ్మకాయ చంద్రుడు. లాంతరు వెలుగుకి అడ్డంగా నిమ్మకాయని జరిపితే గుమ్మడికాయ మీద చిన్న నల్లటి మచ్చ పడేది. "ఆ మచ్చలో ఉన్నవాళ్ళకే గ్రహణం. పామూ లేదు, మింగడమూ లేదు. నీడ, అంతే. నీడ మీదపడితే ఎవరికైనా ఏమన్నా అవుతుందా?" అనడిగేది. లేదండీ అని పాకంతా దద్దరిల్లేట్టు అరిచేవాళ్ళం. గ్రహణంనాడు పిల్లలందరినీ బడి ముందుకి తీసుకొచ్చి చూపిద్దామని హెడ్మాస్టరుగారిని అడిగింది. ఆయన మంచివాడే. "ఒక్క తల్లి కూడా పంపదమ్మా. మనకెందుకు" అని సెలవిచ్చేశారు.

ఆ పొద్దున నాకు నిన్నమొన్నటిలా ఉంది. మృగశిర కార్తె వచ్చినా మబ్బు లేదు. నాయనమ్మ పచ్చళ్ళ జాడీల మీద దర్భలు వేసి, నూతి దగ్గర పట్టుస్నానం చేసి, తడిచీరతోనే దేవుడిగదిలో జపానికి కూర్చుంది. నాన్న ఏదో పనుందని మిల్లుకి వెళ్ళిపోయాడు. అమ్మకి అప్పుడు అయిదో నెల. పడమటింట్లో తలుపులేసి, కిటికీకి దుప్పటి కట్టి, కాలూ చెయ్యీ కదపకుండా వెల్లకిలా పడుకోమని నాయనమ్మ ఆజ్ఞ. గోకకూడదు, తుంచకూడదు, ఏదీ చేత్తో ముట్టుకోకూడదు. పిన్ని నన్ను పెరట్లో మామిడిచెట్టు కిందకి తీసుకెళ్ళింది. "సూర్యుడివైపు చూడకు. నేలమీద చూడు" అంది.

రోజూ ఆ చెట్టుకింద ఆకుల సందుల్లోంచి గుండ్రటి ఎండచుక్కలు పడేవి. ఆ పొద్దున ప్రతి చుక్కా ఒక పక్క కొరికినట్టయింది. చూస్తుండగానే అవి సన్నబడి కొడవళ్ళలా అయ్యాయి. వందలకొద్దీ వెలుగు కొడవళ్ళు మట్టిమీద, నూతిపళ్ళెం మీద, పిన్ని తెల్లచీర మీద, నా పావడా మీద. గాలి వస్తే అన్నీ ఒక్కసారి ఊగేవి. ఎండ రంగు మారి పొద్దుటిపూటే సాయంత్రంలా అయింది. కోళ్ళు గూటివైపు నడిచాయి. "ప్రతి సందూ సూర్యుడి బొమ్మ గీస్తోందే" అంది పిన్ని, గొంతు తగ్గించి, గుళ్ళో మాట్లాడినట్టు.

అప్పుడు దుప్పటి పక్కకి జరిగి, కిటికీలోంచి అమ్మ మొహం కనిపించింది.

"ఏమే, నేనూ చూడొచ్చా?"

పిన్ని ఒక్క క్షణం దేవుడిగదివైపు చూసింది. "చూడొచ్చక్కా. ఆకాశంలోకి చూడకు, నేలమీద చూడు. కడుపులోవాడికి తెలియను కూడా తెలియదు."

"అత్తయ్య జపంలోనే ఉన్నారుగా?"

"ఉన్నారు. రా."

అమ్మ చెప్పులు లేకుండా మెల్లగా వచ్చింది. చెట్టుకింద నిలబడి చెయ్యి చాపింది. అరచేతిలో ఒక కొడవలి పడింది. అమ్మ దాన్ని పట్టుకుందామని గుప్పిట మూస్తే అది వేళ్ళమీదకెక్కింది. అమ్మ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఇంట్లోకి కోడలిగా రాకముందు, అక్కాచెల్లెళ్ళిద్దరూ అలాగే నవ్వుకునేవాళ్ళు కాబోలు. తర్వాత ముక్కున వేలేసుకుని, "అమ్మో, ఎంత బాగుందే" అంది. సరిగ్గా అప్పుడు దడి అవతల పక్కింటి దొడ్డమ్మ నీళ్ళబిందె దించుకుంటూ మమ్మల్ని చూసింది. బిందె దించి లోపలికి వెళ్ళిపోయింది.

దీపావళి వెళ్ళాక అమ్మ ప్రసవించింది. మగపిల్లవాడు. మంత్రసాని గదిలోంచి బయటికొచ్చి, పిల్లాడు పుట్టాడని సంతోషంగా చెప్పవలసింది పోయి, నాయనమ్మ చెవిలో ఏదో చెప్పింది. నాయనమ్మ లోపలికెళ్ళి చూసి, బయటికొచ్చి అరుగుమీద కూర్చుని ఒకే మాట అంది. "గ్రహణం మొర్రి."

పై పెదవి మధ్యలో చీలి ముక్కు దాకా ఉంది వాడికి. వాడు ఏడ్చాడా, ఏం పేరు పెడదాం, ఎవరి పోలిక, ఇవేవీ ఎవరూ అడగలేదు. మన భాషలో ఆ జబ్బుకి పేరే అది. ఆ పేరులోనే నేరం ఉంది, సాక్ష్యం ఉంది, శిక్ష కూడా ఉంది. ఇంక విచారణ ఎవరికి కావాలి? సాయంత్రానికి పక్కింటి దొడ్డమ్మ వచ్చి, తను చూసినదంతా చెప్పింది. "సరిగ్గా ఇక్కడే వేలు పెట్టుకుందండీ" అని తన ముక్కు కింద చూపించి మరీ చెప్పింది. ఊరంతా ఆ వేలు సంగతే. ముక్కున వేలేసుకోవడమంటే ఆశ్చర్యపోవడమని నాకు తెలుసు. దానికి ఇంకో అర్థం ఉంటుందని ఆ రోజే తెలిసింది.

నాయనమ్మ పిన్నిని తిట్టలేదు. తిడితే బాగుండేది. పిన్ని ఎదురుపడితే కొంగు దగ్గరికి లాక్కుని పక్కకి తప్పుకునేది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. వాడికి పాలు కుడవడం చేతకాలేదు, నోట్లో పెట్టింది పెట్టినట్టే జారిపోయేది. రెండుమూడు సార్లు ప్రయత్నించి అమ్మ మానేసింది. ఇంట్లో ఆడవాళ్ళు వాడు ఎన్నాళ్ళుంటాడన్న లెక్కలోకి వచ్చేశారు. పిన్ని మాత్రం బడికి వెళ్ళేముందూ వచ్చాకా వాణ్ణి ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో బొట్టు బొట్టుగా గొంతులోకి పాలు జార్చేది. మధ్యాహ్నం బడి గంట కొట్టగానే పరిగెత్తుకొచ్చేది. అప్పుడు మాత్రం ఆ నడక గురించి నాయనమ్మ ఏమీ అనలేదు. వాడు దగ్గితే ఆగేది, మళ్ళీ పట్టేది. ఆ ఓపికతో వాడు బతికాడు.

శివరాత్రి వెళ్ళాక పిన్నే పట్టుబట్టి నాన్నని బయల్దేరదీసింది. గుంటూరులో ఇలాంటి పెదవులు కుడతారని బందరులో చదువుకున్నప్పుడు విన్నదట. అమ్మ రానంది. పులిగడ్డ రేవులో పడవెక్కి కృష్ణ దాటి, రేపల్లెలో రైలెక్కి, బావా మరదలూ చంటివాణ్ణి తీసుకుని వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వాడి పెదవి కలిసింది. కుట్లచోట ఎర్రగా ఒక గీత ఉంది, అంతే. నాన్న కాళ్ళు కూడా కడుక్కోకుండా వాకిట్లోనే మొదలుపెట్టాడు. నాన్న నాయనమ్మకి ఎదురుగా నిలబడి అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు, అదే చివర.

"డాక్టరుగారు చెప్పారమ్మా. కడుపులో పిల్లాడికి పెదవి కలవడం రెండో నెల్లోనే అయిపోతుందిట. గ్రహణంనాటికి మీ కోడలికి అయిదో నెల. అప్పటికే వీడి మూతి అలా ఉంది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"ఆ డాక్టరు కడుపులో దూరి చూసొచ్చాడట్రా?" అంది నాయనమ్మ.

పిన్ని అమ్మ దగ్గరికెళ్ళింది. పిల్లాణ్ణి అమ్మ ఒళ్ళో పెట్టింది. "అక్కా, నువ్వన్నా చెప్పు."

అమ్మ తల ఎత్తలేదు. "నాకేం తెలుసు? నువ్వు చూడమన్నావు, చూశాను."

"నువ్వే అడిగావుగా అమ్మా, కిటికీలోంచి, చూడొచ్చా అని" అన్నాను నేను. నా చెంప ఛెళ్ళుమంది. కొట్టింది నాయనమ్మ కాదు, అమ్మ. పిన్ని నన్ను దగ్గరికి తీసుకోబోయి, ఎందుకో ఆగిపోయి, తన ట్రంకుపెట్టె ఉన్న గదిలోకి వెళ్ళింది.

బడి కూడా మారిపోయింది. ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళలో పిల్లల్ని పిన్ని తరగతికి పంపడం మానేశారు. భూమి కాలవని ఏ చేత్తో పట్టుకుంటుందని అడిగిన కుర్రాడు కూడా రాలేదు, వాళ్ళమ్మకి నెలలు. పంచాయితీ ప్రెసిడెంటుగారు ఒకరోజు బడికొచ్చి, ఎంతో మర్యాదగా, "గ్రహణాలూ గోళాలూ వద్దులేమ్మా. ఎక్కాలు చెప్పుకోండి. మీకూ మంచిది" అన్నారు. పిన్ని ఎక్కాలు చెప్పింది. లాంతరు మళ్ళీ పగలు వెలగలేదు. ఉయ్యూరు నుంచి ఆవిడకొక సంబంధం వచ్చింది, అబ్బాయికి నచ్చింది కూడా. వాళ్ళమ్మ ఈ సంగతి విని, "మా ఇంట్లో నీళ్ళోసుకునే కోడళ్ళున్నారండీ" అని మధ్యవర్తికి చెప్పి పంపింది. తర్వాత వచ్చిన సంబంధాలు అంతవరకూ కూడా రాలేదు. ఆ వేసవిలో పిన్ని నందివాడ అవతల ఒక ఊరికి మార్పించుకుని వెళ్ళిపోయింది. బస్సు దాకా నాన్నా నేనూ వెళ్ళాం. నాన్న పెట్టె పైకెక్కించి, "ఏమనుకోకమ్మాయ్" అన్నాడు. "ఏమీ అనుకోను బావా, పిల్లాడికి పాలు నిటారుగా కూర్చోబెట్టి పట్టమను" అంది పిన్ని.

తమ్ముడు పెరిగాడు. పెదవి మీద గీతొకటి, మాటలో కాస్త ముక్కు శబ్దం. బళ్ళో వాడి పేరు గ్రహణం. ఇంట్లో పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఒకరోజు ఏడుస్తూ వచ్చి, నాకెందుకిలా అయిందని అమ్మనడిగాడు. "మీ పిన్నినడుగు" అంది అమ్మ. ఆ సెలవుల్లో పిన్ని వచ్చింది. ఏటా ఒకసారి వచ్చేది, ఎవరూ రమ్మనకపోయినా. వాడికోసం చిన్న భూతద్దం ఒకటి తెచ్చింది. వాడు గుమ్మంలో నిలబడి, "నువ్వే నన్నిట్టా చేశావంట" అన్నాడు, తలుపు మొహాన వేసేశాడు. బతికించింది నేనేరా అని ఒక్క మాట చాలు. పిల్లలు ఏ ప్రశ్న అడిగినా నవ్వుతూ జవాబు చెప్పే మనిషి, ఆ ఒక్క మాట అనలేదు.  కాఫీ కూడా తాగకుండా మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. తలుపు తీయమని వాడితో లోపలినుంచి ఎవరూ అనలేదు.

నా పెళ్ళయి గుడివాడ కాపురానికొచ్చాను. పంతొమ్మిదివందల అరవైల్లో సగం దాటాక, నేను తొలిచూలు మోస్తున్నప్పుడు, వేసవిలో మళ్ళీ సూర్యగ్రహణం వచ్చింది. మన వైపు అంచు మాత్రం అంటుతుందన్నారు. నేను చూడాలనే అనుకున్నాను. మా వాకిట్లో వేపచెట్టుంది, మా అత్తగారు ఊళ్ళో లేరు, మా వారికి పట్టింపు లేదు. పిన్ని ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. గ్రహణంనాడు పొద్దున్నే గుమ్మంలో ఆవిడే, చేతిలో సంచితో. జుట్టు అప్పుడే నెరిసింది. నడక నెమ్మదించింది. నేను ఆనందం పట్టలేక, "చెట్టుకింద కుర్చీలు వేయిస్తాను పిన్నీ" అన్నాను. ఆవిడ గదిలోకి వెళ్ళి కిటికీ తలుపులు మూసింది. సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టింది.

"ఇదేంటి పిన్నీ? నీకు తెలుసు కదా."

"తెలుసు."

"మరి?"

"పుట్టేవాళ్ళకి ఏమన్నా అయితే, గ్రహణాన్ని ఎవరూ ఏమీ అనరే. నిన్నంటారు. జీవితాంతం అంటారు. పడుకో."

నేను పడుకున్నాను. ఆవిడ మంచం పక్కన పీట వేసుకుని, మధ్యాహ్నమంతా ఆ ఉక్కలో విసనకర్రతో విసురుతూ కూర్చుంది. నా చెయ్యి ముక్కువైపు పోతే పట్టుకుని కిందకి దించింది. ఆ గదిలో నాకు గ్రహణం భయం కలగలేదు. అంత తెలిసిన మనిషిని అలా చేసిన లోకమంటే భయమేసింది. నా బిడ్డ ఏ వంకా లేకుండా పుట్టింది. పురిటికి సాయమొచ్చిన అమ్మ పిల్లని తిప్పి తిప్పి చూసి, "కదలకుండా పడుకుంది కాబట్టి బతికిపోయాం" అని పదిమందికీ చెప్పింది. పిన్ని ఆ పక్కనే ఉంది. పొత్తిగుడ్డలు మడతపెడుతూ ఉండిపోయింది.

నాయనమ్మా నాన్నా పోయాక అమ్మ కొన్నాళ్ళు నా దగ్గరుంది. ఒకరోజు ఇద్దరం వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం. ఇంక ఆ ఇంట్లో భయపడవలసిన వాళ్ళెవరూ లేరు కదా అని అడిగేశాను. "చూడొచ్చా అని అడిగింది నువ్వేగా అమ్మా. ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

అమ్మ మరిచిపోయినట్టు నటించలేదు. చేతిలో కాయ ఈనె తీసి, తుంచి, పళ్ళెంలో వేశాక అంది. "చెబితే ఆ ఇంట్లో నేనుండాలిగా. దానికి ఉద్యోగముంది. ఎక్కడైనా బతగ్గలదు." కాసేపాగి, "అది నాకంటే గట్టిది" అంది. ఇంకో కాయ తీసుకుంది. నాకు కోపమే వచ్చింది. కానీ ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో వెతికితే దొరకలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తమ్ముడికి నేనే అంతా చెప్పాను. వాడప్పటికి మీసాలు పెంచి, ఉద్యోగంలో చేరి, పెళ్ళి కూడా చేసుకున్నాడు. విన్నాక ఒక ఆదివారం నందివాడ వైపు వెళ్ళాడు. ఏమైందని అడిగితే, "కాఫీ ఇచ్చింది. బస్సులు సరిగ్గా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను" అన్నాడు. అసలు మాట ఇద్దరూ ఎత్తలేకపోయారు. మళ్ళీ వెళ్దామనుకుంటూనే వాడు ఏళ్ళు గడిపాడు. పిన్ని రిటైరైంది, ఆ ఊళ్ళోనే ఉండిపోయింది, ఒక వానాకాలం జ్వరంతో పోయింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామందే వచ్చారు. గ్రహణం పాఠం ఎలా చెప్పేవారని ఒకాయన్ని అడిగాను. అటువంటి పాఠం ఆవిడ చెప్పినట్టు తనకి గుర్తులేదన్నాడు.

తర్వాత అమ్మ పోయింది. కిందటేడు తమ్ముడూ పోయాడు. కాలం గడిస్తే ఎవరి తప్పేమిటో తేలుతుందని చిన్నప్పుడు నమ్మేదాన్ని. మా ఇంట్లో అది ఏదీ తేల్చలేదు, తేల్చుకోవలసిన వాళ్ళని ఒక్కొక్కరినే తీసుకుపోయింది.